విజిల్ ఒక్కటే తక్కువ

"ఆడేవాళ్లలో ఆస్ట్రియా వాళ్లు ఒక్కరూ లేరు నాన్నా. అందరూ మన కౌంటీ వాళ్లే."

మా పాప ఈ మాట అన్నప్పుడు నేనింకా నోరు తెరవలేదు. అమెరికాలో మేముండే ఊరి థియేటర్ గ్రూపు 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' అనే పాటల నాటకం వేస్తోందని, వేషాలకు మనుషుల్ని ఎంచుకునే ఆడిషన్‌కి వెళ్తానని అంతకుముందే చెప్పింది. కథలో ఆ ఏడుగురు పిల్లలూ ఆస్ట్రియా దొరబిడ్డలు, మన రంగు పిల్లను తీసుకుంటారా అని నేను లోపల అనుకున్నానే గానీ పైకి "ట్రై చెయ్యి తల్లీ" అనే అన్నాను. పద్నాలుగేళ్లకే మొహాలు చదవడం బాగా వచ్చేసింది దానికి.

ఫారం నింపే పని నేను తీసుకున్నాను. రిహార్సల్స్‌కు ఏయే రోజుల్లో రాలేరు అని ఒక గడి ఉంది. శనివారం తెలుగు బడి, ఆదివారం కూచిపూడి, దసరా ప్రోగ్రాం, దాని ప్రాక్టీసులు, మా బావమరిది గృహప్రవేశం... గడి చాలక మార్జిన్‌లోకి పోయాను. పాప చదివి, "ఇది చూస్తే నన్నెవరు తీసుకుంటారు?" అంది. నిజమే. వద్దని ఒక్క మాట అనకుండా అడ్డం పడే విద్య ఇన్నేళ్లలో నాకు బాగానే పట్టుబడింది.

ఆడిషన్ తేదీకి మేం కడపలో ఉంటాం. వీడియో పంపినా చాలన్నారు. అక్కడ నాకు ఆశ పుట్టింది. ఎర్రముక్కపల్లెలో మా నాన్న దగ్గర హార్మోనియం ఉంది, వయసులో ఉన్నప్పుడు ఊర్లో కృష్ణుడి వేషం కట్టినవాడు. ఇంకేం, విమానంలోనే ఉపన్యాసం మొదలుపెట్టాను. 1885లో మన కడప జిల్లా సురభి ఊర్లోనే, కీచకవధ ఆటతో సురభి నాటకాలు పుట్టాయనీ, ఇంటిల్లిపాదీ స్టేజీ మీదే బతికారనీ, ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లో ఆ ఇళ్ల ఆడవాళ్లే ముందుకొచ్చారనీ చెప్పాను. తాడిపత్రిలో పుట్టిన నాటక నటుడు బళ్లారి రాఘవ గారి దాకా వచ్చేసరికి పాప ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "సురభికి నువ్వెళ్లావా?" అని అడిగింది.

వెళ్లలేదు. కడపలో పుట్టి పెరిగినవాడికి చక్రాయపేట మండలం ఎంత దూరమని? నాకు సురభి గుర్తొచ్చిందే అమెరికాకు పోయాక.

మా నాన్నకు ఇలాంటి గొప్పలేం లేవు. మనవరాలు ఆడిషన్ అంటే ఏంటో చెబితే నోరు తెరుచుకుని విన్నాడు. "మా కాలంలో ఇదంతా యాడిది పాపా? వేషానికి ఇంతని చందా. ఎక్కువ పెట్టినోడు కృష్ణుడు, దుర్యోధనుడు. గొంతు సంగతి మాస్టరు చూసుకునేటోడు." పాప పగలబడి నవ్వింది. "అయితే నువ్వు కొనుక్కున్నావా జేజినాయనా?" అంటే, ఆ ఏడు శనక్కాయలు బాగా పండినాయి అన్నాడు.

వీడియో తీసింది మిద్దె మీద గదిలో. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు పాటలోకి వస్తుందని ఆపేశాం. జూన్ నెలలో, కడపలో, మధ్యాహ్నం పూట, కిటికీలు మూసి! పాప పైపెదవి మీద చెమట బొట్లు పోస్తోంటే తుడుచుకుంటూ పేరు, వయసు, ఎత్తు చెప్పి నిలబడింది. పదహారు బార్లు పాడాలి, అంటే పాటలో చిన్న ముక్క. 'డో రే మీ' ఎంచుకుంది. నాన్న గుమ్మంలో కూర్చుని విని, "ఇది శంకరాభరణం రాగం కదరా" అన్నాడు. నేను పొంగిపోయి హార్మోనియం తెచ్చి ముందు పెట్టాను. దీంతో పాడితే ఎంత కొత్తగా ఉంటుంది, వేలమందిలో తెలిసిపోతుంది అని నా వాదన.

"వద్దు నాన్నా. వాళ్లు పియానో ట్రాక్ పంపించారు. దాంతోనే పాడతా."

నాకు చివుక్కుమంది. మా నాన్నకు ఏమీ కాలేదు. "పాప శృతిలోనే ఉండాది. నువ్వెందుకురా మధ్యలో?" అని హార్మోనియం మూసేశాడు.

తర్వాత డైలాగు ముక్క. ఆ ఏడుగురు పిల్లల తండ్రి కెప్టెన్. ఆయన మాటలు కెమెరా వెనక ఎవరైనా చదవాలి. ఆ కెప్టెన్ భార్య పోయాక ఇంట్లో పాటనేదే లేకుండా చేసిన మనిషి, పిల్లల్ని విజిల్ ఊది పిలుస్తాడు, ఒక్కో పిల్లకు ఒక్కో కూత. నేను గొంతు పెంచి కాస్త నటించబోతే పాప ఆపింది. "నువ్వు మామూలుగా చదువు, సరిపోతుంది. విజిల్ ఒక్కటే తక్కువ." కింద వంటింట్లో కుక్కరు ఆ లోటు కూడా తీర్చింది. మళ్లీ మొదటినుంచి తీశాం.

పిల్లలు ఇలాంటివాటికి పోతామంటే ఏం చేయాలని స్నేహితులు అడుగుతుంటారు. ఫారం వాళ్లనే నింపనివ్వండి, పాడేటప్పుడు గదిలో ఉండకండి అని చెబుతున్నాను. చెప్పడానికేం, నేను మాత్రం గుమ్మం దాటలేదు. తెలుగు బడిలో 'ళ' సరిగ్గా పలక్కపోతే నేను దిద్దగలను. కూచిపూడిలో తాళం తప్పితే పట్టుకోగలను. ఇక్కడ పాప బాగా చేసిందో లేదో కూడా నాకు తెలియలేదు. మన సంస్కృతి అని నేను పట్టుబట్టేదాంట్లో సగం ఇదేనేమో, నాకు దారి తెలిసిన వీధుల్లోనే పిల్ల తిరగాలని. అలాగని శనివారాలు వదిలేద్దామా? జేజినాయనను అట్లా తెలుగులో ఆటపట్టించడం ఆ శనివారాల వల్లే వచ్చింది. మా ఆవిడ మాత్రం అది బడిలో రాలేదు, రోజూ రాత్రి ఫోన్లో ఆయనతో మాట్లాడి వచ్చింది అంటుంది.

తిరిగి వచ్చాక లిస్టు పెట్టారు. ఏడుగురు పిల్లల్లో పాప పేరు లేదు, కోరస్‌లో ఉంది. నా బుర్ర వెంటనే కారణాలు వెతికింది: రంగు, ఎత్తు, చెమట. ఆ ఏడుగురిలో ఒకరైన లూయీసా వేషం వచ్చిన పిల్ల గురించి అడిగితే, "తను నాకంటే బాగా పాడుతుంది నాన్నా" అంది. అది నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్న మాటో తేల్చుకునే చెవి నాకు లేదు. మా నాన్నకు ఆ పిల్ల వీడియో పంపి అడుగుదామా అని కూడా అనుకున్నాను. సిగ్గేసి మానుకున్నాను.

ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ ఏం వేషం వచ్చిందని అడిగింది. మఠంలో సన్యాసిని అని పాప హుషారుగా చెప్పింది.

"పెండ్లి కావాల్సిన పిల్లకు సన్యాసి వేషమేందిరా! మార్చమని చెప్పు వాళ్లకు."

"చందా ఎక్కువ కట్టమను," అన్నాడు నాన్న వెనకనుంచి.

రిహార్సల్ శనివారం పదింటికి. తెలుగు బడీ పదింటికే. టీచరు గారికి ఏమని మెసేజ్ పెట్టాలో ఇంకా ఆలోచిస్తున్నాను. పాపకు జ్వరమని రాద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.