పది బటన్ల పెట్టె, ముప్ఫై నాలుగు పాటలు

మా తాతగారు తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక గుంటూరులో మా ఇంటికి చేరిన ఆ పెట్టెను గత వేసవిలో మరమ్మతుకు ఇచ్చినప్పుడు, మెట్ల కింద వరుసగా బిగించిన ఇత్తడి రీడ్లను మొదటిసారి దగ్గరగా చూశాను. ఒక కొన బిగించి, రెండో కొన వదులుగా ఉన్న సన్నని రేకు అది. తిత్తిలోని గాలి ఆ సందులోంచి దూసుకుపోయేటప్పుడు రేకు అదిరి స్వరం పలుకుతుంది. మరమ్మతు చేసే పెద్దాయన ఒక రీడును పెదవుల దగ్గర పెట్టుకుని ఊదితే, పెట్టె లేకుండానే అది పలికింది.

అమెరికా దక్షిణపు అంచున ఉన్న లూసియానా రాష్ట్రపు పాత అకార్డియన్ రికార్డులను నేను కొన్నేళ్ళుగా వింటున్నాను. ఆ వాద్యానికి ప్రాణం పోసేది కూడా ఇటువంటి రీడే. అయితే హార్మోనియంలో ఒక మెట్టుకు ఒకే స్వరం ఉంటుంది. లూసియానా వారి అకార్డియన్‌లో కుడిచేతికి పదే బటన్లు, ఒక్కొక్క బటనుకు తిత్తిని నొక్కితే ఒక స్వరం, లాగితే మరొక స్వరం. కాబట్టి రాగం మలుపు తిరిగిన చాలాచోట్ల తిత్తి దిశ కూడా మారక తప్పదు. ఆ సంగీతంలో వినిపించే కుదుపు, నాట్యం చేసేవారి కాళ్ళను కదిలించే ఆ ఊపు, చాలావరకు ఈ నిర్బంధం నుంచే పుట్టాయని నా నమ్మకం. కొన్ని స్వరాలు ఆ పెట్టెలో అసలు లేవు; లేనివాటిని గాయకుడు గొంతుతో పూరించుకుంటాడు.

నేటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి 1755లో బ్రిటిష్‌వారు వెళ్ళగొట్టిన ఫ్రెంచ్ రైతు కుటుంబాలలో అనేకం కాలక్రమంలో లూసియానా చేరాయి; వారి సంతతివారే కేజన్లు. అదే నేలమీద ఫ్రెంచ్ మాట్లాడుతూ జీవించిన నల్లజాతివారు క్రియోల్‌లు. ఉభయుల ఇళ్ళలోకి జర్మనీలో తయారైన అకార్డియన్లు వచ్చి చేరాయి. కేజన్ సంగీతం తెల్లవారిదనీ, క్రియోల్ సంగీతం నల్లవారిదనీ విడదీసి చెప్పే అలవాటు ఒకటుంది; అకార్డియన్ వాయిస్తూ పాడిన ఆమెడే ఆర్డ్వాన్ పాటలు విన్న తరువాత ఆ విభజనను నేను అంగీకరించలేకపోయాను.

1898లో పుట్టిన ఆర్డ్వాన్ నల్లజాతి క్రియోల్. ఆయన పక్కన ఫిడేలు వాయించిన డెనిస్ మెగీ తెల్లజాతి కేజన్. వర్ణవివక్ష చట్టబద్ధంగా ఉన్న ఆ రోజుల్లో, 1929 డిసెంబరులో, ఆ ఇద్దరూ న్యూ ఆర్లీన్స్‌లో పక్కపక్కన కూర్చుని రికార్డులు ఇచ్చారు. 1934 నాటికి ఆర్డ్వాన్ రికార్డుకు పాడినవి మొత్తం ముప్ఫై నాలుగు పాటలు. ఆ గొంతు పైస్థాయిలో, ఏడుపుకు అరంగుళం దూరంలో నిలిచి ఉంటుంది. ఎడబాటునూ ఒంటరితనాన్నీ పాడుతున్నంతసేపూ కింద అకార్డియన్ మాత్రం నాట్యపు నడకను వదలదు. ఒక రాత్రి నృత్యశాలలో ఒక శ్వేతజాతి యువతి చెమట తుడుచుకోమని ఆయనకు చేతిరుమాలు ఇచ్చినందుకు కొందరు ఆయనను వెంటాడి దారుణంగా కొట్టారని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. 1942లో పైన్‌విల్‌లోని మానసిక చికిత్సాలయంలో ఆయన మరణించారు. ఆయన సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. 2018లో ఒపెలూసాస్‌లో ఆయన విగ్రహాన్ని నిలిపారు.

ఆయన జీవించి ఉండగానే గిటార్లూ ఫిడేళ్ళూ ముందుకు వచ్చి అకార్డియన్ వెనకబడింది. రెండో ప్రపంచయుద్ధంతో జర్మనీ నుంచి పెట్టెలు రావడం కూడా ఆగిపోయింది. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడిలో ఇంగ్లీషును మాత్రమే అనుమతించడంతో, ఫ్రెంచ్ మాట్లాడిన పిల్లలు దండన అనుభవించారు. పాటకు ఆధారమైన భాషే అవమానానికి గుర్తుగా మారిన ఆ కాలంలో, చూపు బాగా మందగించిన ఐరీ లెజూన్ అనే యువకుడు ఆర్డ్వాన్ రికార్డులు విని నేర్చుకున్న బాణీతో 1948లో పాడిన ఒక వాల్ట్జ్ (మూడు దరువుల నాట్యగీతం) అకార్డియన్‌ను మళ్ళీ నృత్యశాలలకు తీసుకువచ్చింది. తెల్లజాతి యువకుడి చేతిలో బతికినది నల్లజాతి గాయకుడి వేళ్ళపోకడ. ఈ ఋణాన్ని ప్రస్తావించకుండా కేజన్ సంగీత చరిత్ర చెప్పడం అన్యాయమని నేను గట్టిగా భావిస్తాను. ఆర్డ్వాన్ బంధువైన బ్వాసెక్ ఆర్డ్వాన్ 1966లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వాయించారు. క్లిఫ్టన్ షెనియే అదే క్రియోల్ మూలాన్ని, బటన్ల బదులు పియానో మెట్లుండే పియానో అకార్డియన్ మీదికి తెచ్చి, అమెరికా నల్లజాతివారి బ్లూస్‌తో కలిపి, జైడెకో అనే క్రియోల్ నాట్యసంగీతాన్ని ప్రపంచానికి వినిపించారు. విదేశీ పెట్టెల కోసం ఎదురుచూడకుండా స్థానికులే వాటిని తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. అలా తయారుచేసేవారిలో ఒకరైన మార్క్ సవోయ్ యూనిస్ పట్టణంలో తన దుకాణంలోనే శనివారం ఉదయాల్లో వచ్చినవారందరినీ కూర్చోబెట్టి వాయింపించారు.

ఆర్డ్వాన్‌కు ముప్ఫై నాలుగు పాటలు మిగిలాయి. మా తాతగారి వాయిద్యం ఒక్క నిమిషమైనా ఎక్కడా రికార్డు కాలేదు. మరమ్మతు పూర్తయిన పెట్టెను అప్పగిస్తూ ఆ పెద్దాయన కొన్ని మెట్ల మీద వేలిముద్రంత లోతున అరిగిపోయిన చోట్లను చూపించి, వాటిని మార్చమంటారా అని అడిగారు. వద్దన్నాను. ఆయన ఆ గుంటల మీద వేళ్ళు ఆనించి, తిత్తి కదిలించి, “మీ తాతగారు ఎక్కువగా నాలుగో శ్రుతిలో వాయించేవారు బాబూ” అన్నారు.