లాం ఫారంలో ఒక పూట

లాంలోని వ్యవసాయ పరిశోధన క్షేత్రం చూద్దామని విజయవాడలో గుంటూరు బస్సు ఎక్కామో లేదో, బాబాయ్ సణుగుడు మొదలుపెట్టాడు. "ఆ యూనివర్సిటీ వాళ్ళ పంటలన్నీ కాగితాల మీదేరా." ఆయన కోపం నాకు తెలుసు. పల్నాడులో రెండెకరాల మిరప. 2021లో నల్ల తామర పురుగు పూతలో దూరి మొత్తం రాల్చేసింది. ఆ మరుసటి ఏడు కొన్న విత్తనం సరిగా మొలవలేదు. అడుగుదామంటే బిల్లు లేదు. షాపు పేరు చెప్పొద్దన్నాడు, నేనూ రాయను.

గుంటూరులో దిగి అమరావతి రోడ్డులో ఆటో ఎక్కి లాం చేరాం. బాబాయ్ సణిగిన ఆ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో హైదరాబాదులో పుట్టింది. రాష్ట్రం విడిపోయాక దాని ప్రధాన కార్యాలయం ఇక్కడికి వచ్చింది. ఫారం మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే ఉంది.

నల్లరేగడి చెప్పులకు అంటుకుని ఒక్కోటి కిలో బరువైంది. మిరప మడుల దగ్గర పుల్లలు, వాటికి అట్టముక్కలు, మీద ఎల్‌సీఏ అంకెలు. ఇవి మిరప రకాల పేర్లు, అంకెల ముందున్న ఎల్ అంటే లామే. బాబాయ్ ఎప్పుడో వేసిన ఎల్‌సీఏ-334 ఇక్కడిదేనని అప్పుడే తెలిసింది ఆయనకి. మొహం చూడాలి! ఆ రకాన్ని ఎవరో వ్యాపారి కనిపెట్టాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

అక్కడి శాస్త్రవేత్త ఓపిగ్గా చెప్పారు. ఇక్కడ జరిగే అఖిల భారత పథకాల పరిశోధనకు 75 శాతం డబ్బు కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్‌ది, 25 శాతం రాష్ట్రానిది. ఇక్కడ తయారయ్యేది కాస్త బ్రీడర్ విత్తనం, అంటే రకాన్ని తయారుచేసినవాళ్ళ చేతి మొదటి విత్తనం, దాని ట్యాగు బంగారు పసుపు. దాన్ని విత్తనాభివృద్ధి సంస్థ, ఒప్పందం రాసుకున్న కంపెనీలు పెంచితే ఫౌండేషన్, అంటే తెల్ల ట్యాగు. మళ్ళీ పెంచితే రైతులు కొనే సర్టిఫైడ్, నీలం ట్యాగు. ఊళ్ళన్నిటికీ సరిపడా విత్తనం ఫారం ఒక్కటే పండించలేదు కదా.

"అంటే బిడ్డ మీది, పెంచేది వాళ్ళు, డబ్బులు మావి," అన్నాడు బాబాయ్. శాస్త్రవేత్త నవ్వారు గానీ కాదనలేదు. "సూటి రకమైతే, అంటే హైబ్రిడ్ కానిదైతే, మీరే విత్తనం కట్టుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. హైబ్రిడ్ అయితే ప్రతి ఏడూ కొనాల్సిందే, కట్టిన విత్తనం వేస్తే పంట కలగాపులగం," అన్నారు.

నాకు నచ్చింది ఈ మాటే. యూనివర్సిటీకీ కంపెనీలకీ మధ్య ఒప్పందం మంచిదా చెడ్డదా అని ఊరికే వాదించుకుంటాం గానీ, వచ్చే ఏడు విత్తనం రైతు ఇంట్లో ఉంటుందా, ప్యాకెట్లో ఉంటుందా అన్నదే చూడాలి. ప్యాకెట్ అయినా ఫర్వాలేదు, హైబ్రిడ్‌లో దిగుబడి ఉంటే రైతు కొంటాడు. కాకపోతే మొలవకపోతే ఎవరిని పట్టుకోవాలో ముందే తెలియాలి. ఒప్పందం కాగితంలో రైతు సంతకానికి చోటుండదు మరి.

మధ్యాహ్నం మిర్చి యార్డు. గేటు దాటకముందే తుమ్ములు. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, మధ్య నడుస్తూ బాబాయ్ ఒక కాయ విరిచి గింజలు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. బయట టీ కొట్టు దగ్గర ఇద్దరం టీ తాగాం. డబ్బులిచ్చి, బాబాయ్ బిల్లు అడిగాడు.

"టీకి బిల్లేంటి పెద్దాయనా?"

"అలవాటు చేసుకుంటున్నాలే," అని మళ్ళీ తుమ్మాడు.