రాయి దొరకలేదంటే దొరకలేదనే రాయాలి

మేం ఘట్‌కేసర్, కీసర వైపు పొలాలు, వెంచర్లు కొలిచి మ్యాపులు గీసి ఇస్తాం. ఫీల్డ్‌లో ఒక రోజు పనైతే ఆఫీసులో డ్రాయింగ్‌కి రెండు రోజులు పట్టేది. టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) నుంచి దించుకున్న ఫైల్‌లో పాయింట్ నంబరు, నార్తింగ్ (ఉత్తరానికి ఎంత దూరమో), ఈస్టింగ్ (తూర్పుకి ఎంత దూరమో), ఎత్తు, అదేమిటో చెప్పే ఒక చిన్న కోడ్, ఇంతే ఉంటుంది. ఏ చుక్క కరెంటు స్తంభం, ఏది రోడ్డు అంచు, దేన్ని దేనితో కలపాలి అన్నది ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో గీయాల్సిందే.

ఇప్పుడా పని పైథాన్‌లో రాసుకున్న స్క్రిప్ట్, అంటే ఒక చిన్న ప్రోగ్రాం, చేస్తోంది. కోడ్‌ని బట్టి లేయర్ (డ్రాయింగ్‌లో ఒక్కో రకానికి ఒక్కో పొర), గుర్తు పెడుతుంది, గీతలు కలుపుతుంది, విస్తీర్ణం కట్టి ఎకరాలు, గుంటల్లో రాస్తుంది. చదరపు మీటర్లను 1.196తో గుణిస్తే గజాలు, 121 గజాలకు గుంట, 40 గుంటలకు ఎకరం, అదేం పెద్ద పని కాదు.

కష్టమంతా గీతలు కలపడంలోనే ఉంది. మా సర్వేయర్ అన్న రోడ్డుకి ఈ అంచున ఒకటి, ఆ అంచున ఒకటి పాయింట్లు తీసుకుంటూ వెళ్తాడు, పాయింట్ మీద ప్రిజం (పరికరం గురిచూసే అద్దం) పట్టుకున్న పిల్లాడికి నడక తగ్గుతుందని. అన్నిటికీ ఒకటే కోడ్ కొట్టేసరికి రోడ్డు కాస్తా నులకమంచం అల్లినట్టు వచ్చింది. అంచుకో నంబరు, గీత మొదలైన చోట 'బి' అక్షరం, ఆగిన చోట 'ఇ' (E) అక్షరం పెడదామంటే, "తమ్మీ, ఎండల నిలబడి గిన్ని కోడ్లు కొట్టుడు నాతోని కాదు" అన్నాడు. నాలుగు రోజులు ఆయన వెంట తిరిగాక నాకూ అర్థమైంది. వాడని కోడ్లన్నీ తీసేసి జాబితా సగానికి కుదించాం.

ఇంకోటి, నార్తింగ్, ఈస్టింగ్ తారుమారైతే మ్యాప్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది గానీ విస్తీర్ణం మారదు, కాబట్టి లెక్క చూసి పట్టుకోలేం. యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్‌లో మా వైపు ఈస్టింగ్ 2.5 లక్షల మీటర్ల దగ్గర, నార్తింగ్ 19 లక్షల పైన ఉంటుంది. స్క్రిప్ట్ అన్నిటికంటే ముందు అదే చూస్తుంది.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం హద్దు. కీసర దగ్గర ఒక పొలంలో మూల రాయి కనబడలేదు, పొద్దుపోతోందని కంచె కడీ (స్తంభం) దగ్గర పాయింట్ తీసి హద్దురాయి కోడే కొట్టారు. స్క్రిప్ట్ చక్కగా హద్దు మూసి గుంటలతో సహా విస్తీర్ణం రాసిచ్చింది. మ్యాప్ అంత శుభ్రంగా ఉండేసరికి మాలో ఎవరికీ అనుమానం రాలేదు. రైతు చూసి, "మా రాయి చింతచెట్టుకు అవతల ఉండాలె సారూ" అన్నాడు. వెళ్లి తవ్వితే మూడు మీటర్ల అవతల మట్టి కింద ఉంది.

అప్పటినుంచి దొరకని రాయికి వేరే కోడ్ పెట్టాం. అది ఒక్కటి కనబడినా స్క్రిప్ట్ ఆ పక్కల్ని చుక్కల గీతగా వదిలేస్తుంది, విస్తీర్ణం గడి ఖాళీగా ఉంచుతుంది. ఎవరో ఒకరు గడ్డపార పట్టుకుని మళ్లీ పొలానికి వెళ్లాల్సిందే.