సామ్ పార్క్స్ జాడలో: ఫ్లాటైరన్ నుంచి సింగ్ సింగ్ దాకా

జెర్సీ సిటీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న రోజుల్లో, న్యూయార్క్ వచ్చినవారందరూ చూసే స్థలాలను పక్కన పెట్టి, ఒక మనిషి జీవితం నడిచిన చోట్లను వెదుక్కుంటూ తిరిగాను. ఆ మనిషి పేరు సామ్ పార్క్స్. ఐర్లండులోని కౌంటీ డౌన్‌లో 1860ల నడుమ పుట్టి, చిన్న వయసులోనే అట్లాంటిక్ దాటి, కెనడా అడవుల్లో కలప నరికి, వంతెనల పనిలో చేయి తిప్పుకొని, చివరికి ఆకాశహర్మ్యాలకు ఉక్కు చట్రం ఎత్తే పనివాడుగా స్థిరపడినవాడు. ఆ పనివాళ్ళ సంఘానికి నాయకుడై, 1903లో న్యూయార్క్ పత్రికలన్నీ ప్రతిరోజూ రాసేంతటి పేరూ అపఖ్యాతీ తెచ్చుకొని, 1904 మే 4న సింగ్ సింగ్ జైలులో క్షయవ్యాధితో చనిపోయాడు. అప్పటికి అతని వయసు నలభైకి అటూ ఇటూ.

నా ఉద్యోగ జీవితం చాలావరకు విశాఖపట్నం పరిసరాల్లో ఉక్కు కట్టడాల ఎరెక్షన్ పనుల మీదే గడిచింది. ఎత్తున దూలం మీద నిలబడి, క్రేను అందించిన గర్డరును రెండు చేతులతో పట్టి బోల్టు రంధ్రాలు కలిపే మనిషిని కింద నుంచి చూస్తూ ఊపిరి బిగబట్టిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నాయి. అందువల్ల పార్క్స్ కథ మొదటిసారి చదివినప్పుడు, అతను యజమానుల దగ్గర అక్రమంగా వసూలు చేసిన డబ్బుకన్నా సంఘంలో అతనికి ఓటు వేసిన వేలమంది పనివాళ్ళు ఏమనుకొని ఉంటారన్నదే నన్ను ఎక్కువగా పట్టుకుంది. మా అల్లుడు మాత్రం "మామూళ్ళు తిన్న మనిషి కోసం ఇంత తిరగడం ఎందుకు మావయ్యా?" అని అడిగాడు. అడగవలసిన మాటే అది.

ముందుగా జెర్సీ సిటీ నుంచి నది దాటి మాన్‌హటన్ వెళ్ళే పాత్ రైలులో 23వ వీధికి వెళ్ళి, అక్కడి నుంచి తూర్పుగా నడిచి ఫ్లాటైరన్ భవనం చేరుకున్నాను. బ్రాడ్వే, ఫిఫ్త్ అవెన్యూ ఏటవాలుగా కలిసే కోణంలో, సుమారు 87 మీటర్ల ఎత్తున నిలిచిన ఈ భవనాన్ని జార్జి ఫుల్లర్ కంపెనీ 1902లో పూర్తి చేసింది. నేను వెళ్ళినప్పుడు దాని చుట్టూ పరంజా ఉంది. అయినా ఆ వాడి అంచు కింద నిలబడి తల ఎత్తితే, రాతి, మట్టి పలకల తొడుగు వెనక దాగిన ఉక్కు చట్రం ఎలా లేచి ఉంటుందో ఊహించడం నాబోటివాడికి కష్టం కాదు. బరువంతా గోడలు మోయవలసిన పాత పద్ధతి పోయి, స్తంభాలూ దూలాలూ మోసే పద్ధతి షికాగోలో పుట్టి న్యూయార్క్‌కు వచ్చింది. ఫుల్లర్ కంపెనీ షికాగో నుంచి ఆ విద్యను తీసుకువచ్చినప్పుడే, 1895 ప్రాంతంలో, ఆ కంపెనీ పనివాడుగా పార్క్స్ కూడా ఈ నగరానికి వచ్చాడు.

ఆ రోజుల్లో పని తీరు తలచుకుంటే ఈనాటికీ గుండె ఝల్లుమంటుంది. రివెట్టు ముఠాలో నలుగురు ఉండేవారు. ఒకడు పలకలు పరిచిన చిన్న చోట కొలిమి పెట్టుకొని రివెట్టును ఎర్రగా కాల్చి పట్టకారుతో విసిరేవాడు. రెండోవాడు ఆ మండుతున్న ముక్కను డబ్బాతో గాలిలోనే అందుకొని రంధ్రంలో దూర్చేవాడు. మూడోవాడు దాని తలను వెనక నుంచి బలమైన ఇనుప కడ్డీతో ఒత్తి పట్టేవాడు. నాలుగోవాడు అవతలి కొసను సుత్తితో, తరువాతి కాలంలో గాలిసుత్తితో, కొట్టి తల చేసేవాడు. నడుముకు తాడు లేదు, కింద వల లేదు, తలకు టోపీ తప్ప మరేమీ లేదు. విసిరిన రివెట్టు గురి తప్పితే వీధిలో నడిచేవాడి మీద పడేది. అందుకునేవాడి అడుగు తప్పితే అతనే పడేవాడు. తాము చావము, చంపబడతామని ఆ పనివాళ్ళు చెప్పుకునే మాట ఒకటి ఉండేది. మా పనుల దగ్గర బెల్టు కొక్కెం తగిలించనివాణ్ణి వెంటనే కిందికి దింపే అధికారం నాకు ఉండేది. ఆ చిన్న నియమం వెనక ఎన్ని చావులు ఉన్నాయో ఫ్లాటైరన్ కింద నిలబడినప్పుడు నాకు తెలిసివచ్చింది.

పార్క్స్ వచ్చేనాటికి ఇంతటి పనికి న్యూయార్క్‌లో దొరికే కూలి రోజుకు సుమారు రెండున్నర డాలర్లు, అదీ పది గంటల పనికి. అక్కడ సంఘం ఉన్నా దానికి బలం లేదు. పార్క్స్ దూలాల మీదికి ఎక్కి ఒక్కొక్క ముఠాతో మాట్లాడాడు. వినని చోట పిడికిళ్ళు వాడాడు. మనిషి బక్కపలుచన, పొడగరి, దెబ్బలాటలో మొండివాడు. సంఘం అతన్ని 'వాకింగ్ డెలిగేట్'గా ఎన్నుకున్నది. అంటే పని స్థలాలన్నీ తిరిగి, ఒప్పందం తప్పిన చోట ఈల ఊది పని ఆపించే ప్రతినిధి. ఆ ఈల చేతిలో ఉండడంతో వరుస సమ్మెలు గెలిచాడు. 1903 నాటికి కూలి ఎనిమిది గంటల పనికి నాలుగున్నర డాలర్లు అయింది. ఏడెనిమిదేళ్ళలో కూలి దాదాపు రెట్టింపై, పని గంటలు రెండు తగ్గడమంటే ఆ ఇళ్ళలో ఏమి మారి ఉంటుందో లెక్క కట్టనక్కరలేదు. ఆ మనుషులు అతన్ని ఎందుకు వదలలేదో నాకు ఇక్కడే అర్థమవుతుంది.

అయితే కథలో రెండో సగం బ్రూక్లిన్‌లో ఉంది. పద్నాలుగో వీధి దగ్గర సబ్‌వేలో ఎల్ లైను రైలు ఎక్కి, నది కింది నుంచి బెడ్‌ఫర్డ్ అవెన్యూ స్టేషనుకు వెళ్ళి, విలియమ్స్‌బర్గ్‌లో నార్త్ 11వ వీధి మీద ఉన్న హెక్లా ఐరన్ వర్క్స్ భవనం చూశాను. డెన్మార్క్ నుంచి వచ్చిన నీల్స్ పౌల్సన్, నార్వే నుంచి వచ్చిన చార్లెస్ ఎగర్ కలిసి స్థాపించిన ఈ సంస్థ అలంకార లోహపు పనిలో అమెరికాలోనే పేరు మోసినది. 1904 అక్టోబరులో న్యూయార్క్ సబ్‌వే ప్రారంభమైనప్పుడు మెట్ల మీద నిలిపిన ఇనుప, గాజు గూళ్ళు హెక్లా చేసినవే. 1890ల చివర కట్టిన ఈ భవనం ముఖభాగం కూడా ఇనుమే: కాల్చిన ఇనుము మీదికి అతి వేడి ఆవిరి పంపి, నల్లని ఆక్సైడు పొర ఏర్పరచి, తుప్పు రాకుండా చేసే బోవర్ బార్ఫ్ పద్ధతి దానికి వాడారు. నూరేళ్ళు దాటినా మఖమలు వంటి ఆ నలుపు చెక్కుచెదరలేదు. అక్కడ కావలసినదానికన్నా ఎక్కువసేపే నిలబడ్డాను. తుప్పుతో జీవితమంతా పోరాడినవాడికి అది సహజం.

ఈ పౌల్సన్ దగ్గరికే పార్క్స్ డబ్బు అడగడానికి వచ్చాడు. పౌల్సన్ మొదట కాదన్నాడు. హెక్లా పనులు ఆగిపోయాయి. నష్టం పెరిగిన తరువాత సంస్థ రెండు వేల డాలర్ల చెక్కు ఇచ్చింది, దాని వెనక పార్క్స్ సంతకం చేశాడు. సమ్మె వల్ల పనివాళ్ళు పోగొట్టుకున్న రోజుల కూలిలో ఆ రెండు వేల నుంచి వారికి ఏమీ చేరలేదు. ఇదే నన్ను ఎక్కువ బాధించిన విషయం. యజమాని నుంచి డబ్బు లాగడం ఒక తప్పు. తన మాట నమ్మి పస్తులున్న మనుషుల సమ్మెను సరుకుగా అమ్ముకోవడం దానికన్నా పెద్ద తప్పు. వజ్రపుటుంగరం పెట్టుకొని, మధ్యవర్తి అన్న అర్థం వచ్చే పేరు పెట్టిన బుల్‌డాగ్‌ను వెంటబెట్టుకొని తిరిగిన పార్క్స్‌ను నేను సమర్థించలేను.

జిల్లా ప్రాసిక్యూటర్ విలియం ట్రావర్స్ జెరోమ్ 1903 జూన్‌లో అతన్ని అరెస్టు చేయించాడు. ఆగస్టులో మొదటి శిక్ష పడినది ఆ చెక్కు విషయంలో కాదు, జోసెఫస్ ప్లెంటీ అనే జెర్సీ సిటీ వ్యాపారి నుంచి రెండు వందల డాలర్లు వసూలు చేసినందుకు. ఆ వ్యాపారి చేసేది భవనాల కప్పులకు వేసే గాజు పైకిటికీలు. నేను ప్రతి ఉదయం నడిచే ఊరు, తెలుగు పలుకులు కూరగాయల దుకాణంలోనూ వినిపించే ఊరు, ఈ కథలో ఇలా ఎదురవుతుందని నేను అనుకోలేదు. రెండున్నరేళ్ళ శిక్షతో సింగ్ సింగ్ వెళ్ళిన పార్క్స్‌ను కొద్ది రోజులకే అప్పీలు మీద వదిలారు. సెప్టెంబరు 7న జరిగిన కార్మిక దినోత్సవ ఊరేగింపుకు అతనే అగ్రగామిగా తెల్ల గుర్రమెక్కి మాన్‌హటన్ వీధుల్లో సాగాడు. శిక్ష పడినవాడి వెనక నడవలేమని చాలా సంఘాలు దూరంగా ఉండిపోయాయి. ఇనుపపనివాళ్ళు మాత్రం నడిచారు. అప్పటికే క్షయ అతన్ని లోపల తినేస్తున్నది. శరదృతువులో టిఫనీ స్టూడియోస్ అనే అలంకరణ సంస్థ నుంచి ఐదు వందల డాలర్లు తీసుకున్న కేసులో మళ్ళీ దోషిగా తేలి జైలుకు తిరిగి వెళ్ళాడు.

సింగ్ సింగ్‌కు మా అమ్మాయి కూడా వచ్చింది. గ్రాండ్ సెంట్రల్‌లో హడ్సన్ లైన్ రైలు ఎక్కి ఎడమ వైపు కూర్చుంటే దారంతా నది కనిపిస్తూనే ఉంటుంది. నగరానికి సుమారు 50 కిలోమీటర్ల ఉత్తరాన, ఆసినింగ్ స్టేషను రాకముందే, రైలు పట్టాలు జైలు ఆవరణ మధ్యలోంచే వెళతాయి. రెండు పక్కలా గోడలు, కాపలా బురుజులు. ఈ జైలు ఇప్పటికీ నడుస్తున్నదే కనుక లోపలికి ప్రవేశం లేదు. స్టేషనులో దిగి, నది ఒడ్డున జైలు గోడను ఆనుకొని ఉన్న చిన్న ఉద్యానవనం దాకా నడిచాము.

1825లో మొదలుపెట్టి ఖైదీల చేతనే రాళ్ళు కొట్టించి కట్టించిన పాత గదుల వరుస పైకప్పు 1984లో కాలిపోయింది. మొండి రాతి గోడలు మిగిలాయి. పార్క్స్ కాలంలో ఖైదీలు ఉన్నది ఆ వరుసలోనే. ఒక్కో గది ఏడడుగుల లోతు, మూడడుగుల మూడంగుళాల వెడల్పు, ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు. నది పక్కనే ఉండడం వల్ల రాయి ఎప్పుడూ చెమ్మగా ఉండేదని, క్షయ అక్కడ నిత్యమూ ఉండేదని ఆ జైలు చరిత్ర చదివినవారందరికీ తెలుసు. ఊపిరితిత్తులు చెడిన మనిషికి రెండేళ్ళకు పైబడిన శిక్ష అక్కడ విధించడమంటే న్యాయస్థానం అనకుండానే మరణశిక్ష వేసినట్టు. ఆరు నెలల్లోనే అది అమలైంది. అంతెత్తున గాలిలో పనిచేసి బతికి బయటపడ్డవాడు గాలి ఆడని రాతి గదిలో చనిపోయాడు.

అమ్మాయి ఆ ఒడ్డున నిలబడి, డబ్బు ఇచ్చినవాళ్ళ సంగతి ఏమైంది నాన్నా అని అడిగింది. పార్క్స్ సంఘానికి ప్రతినిధిగా ఉంటూనే ఫుల్లర్ కంపెనీ జీతం తీసుకుంటున్నాడని, అందుకే ఫుల్లర్ పనులు ఆగకుండా పోటీ కంపెనీల పనులు మాత్రం ఆగుతున్నాయని అప్పటి పత్రికలు ఆరోపించాయి. ఆ ఏడాది వసూళ్ళ కేసుల్లో జైలుకు వెళ్ళినవారు సంఘాల మనుషులే. సమ్మెలు జరగకుండా చూసుకొని లాభపడిన పెద్ద కంపెనీల యజమానులు కాదు. పైగా నిర్మాణ యజమానులు 1903లోనే కొత్త సంఘంగా ఏర్పడి, పార్క్స్ పేరును చూపించి అన్ని కార్మిక సంఘాల మీదా షరతులు పెట్టారు. 1906 నుంచి ఉక్కు కట్టడాల కంపెనీలు సంఘంలో లేనివారిని పెట్టుకోవడం మొదలుపెడితే, ఇనుపపనివాళ్ళ సంఘం నాయకులు కొందరు డైనమైట్ దారి పట్టారు. అది 1910 అక్టోబరు 1న లాస్ ఏంజెలెస్ టైమ్స్ భవనం పేలుడులో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయేదాకా వెళ్ళింది.

మా అల్లుడి ప్రశ్నకు ఆ సాయంత్రం నాకు తోచిన జవాబు చెప్పాను. పార్క్స్ దొంగ అన్నది నిజం. ఆ దొంగ రాకముందు తొమ్మిదో, పదో అంతస్తు మీద ప్రాణం పణంగా పెట్టే మనిషికి రెండున్నర డాలర్లు చాలునని నిజాయితీపరులైన యజమానులందరూ అనుకున్నారన్నదీ నిజం. మొదటి నేరానికి సింగ్ సింగ్ ఉంది, కేసు కాగితాలు ఉన్నాయి, పత్రికల్లో బొమ్మలు ఉన్నాయి. రెండోదాన్ని ఏ న్యాయస్థానమూ విచారించలేదు.