నా కోసం ఆగకు

సునామీ వస్తే అమ్మ కోసం చూడకు, నీ దారిన నువ్వు గుట్టెక్కెయ్ అని పిల్లలకి చెప్పుకునే ఇల్లు మాది. మావారిది దివిసీమ, నాది బందరు. ఉండేది జపాన్‌లో, సగామి అఖాతం ఒడ్డున ఫుజిసావాలో. తప్పిపోతే కదలకుండా ఉన్నచోటే ఉండు, అమ్మ వచ్చి తీసుకెళ్తుంది అని వింటూ పెరిగినదాన్ని నేను. తిరునాళ్లలో అది మంచి మాటే. సముద్రం పక్కన అదే మాట ప్రాణం తీస్తుంది.

ఇక్కడికి ఉత్తరంగా సాన్రికు తీరం ఉంది. 1896లో ఒక్క సునామీకే అక్కడ 22 వేల మంది దాకా పోయారు. 1933లో మళ్లీ వచ్చింది. ఒకరి కోసం ఒకరు వెనక్కి వెళ్లి ఇంటిల్లిపాదీ కొట్టుకుపోవడం చూసి చూసి, ఎవరికి వారే పరుగెత్తాలని ఆ తీరం వాళ్లు కట్టడి పెట్టుకున్నారు. ‘తెందెంకో’ అంటారు దాన్ని. వినడానికి కఠినంగానే ఉంటుంది. కానీ బిడ్డ పైకి పోయే ఉంటుందని తల్లి, తల్లి పోయే ఉంటుందని బిడ్డ నమ్మితేనే అది నిలబడుతుంది. ఆ నమ్మకం భూమి కంపించాక పుట్టేది కాదు. అన్నాలు తినేటప్పుడు, బడికి నడిచేటప్పుడు ముందే మాట్లాడుకోవాలి.

ఆ తీరంలోనే ఉన్న కమైషిలో కతాదా తోషితకా అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి బడిపిల్లలకి ఇదే నేర్పించారు. సునామీ ఎందాకా వస్తుందో చూపే మ్యాపుని గుడ్డిగా నమ్మొద్దు, చేతనైనంతా చెయ్యండి, అందరికన్నా ముందు మీరే పరుగెత్తండి, మిమ్మల్ని చూసి పెద్దలు కదులుతారు అని. 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు కమైషిలోని ఉనొసుమాయ్‌లో జరిగింది అచ్చం అదే. హైస్కూలు పిల్లలు పరుగందుకున్నారు. పక్కనే ప్రాథమిక పాఠశాల పిల్లలు మూడో అంతస్తుకి చేరి ఉన్నారు. అన్నలూ అక్కలూ పరుగెత్తడం చూసి దిగి, వాళ్ల వెంట పడ్డారు. ముందు అనుకున్న చోటికి చేరితే అక్కడ వెనక గట్టు విరిగిపడుతోంది. చిన్నపిల్లల చేతులు పట్టుకుని ఇంకా పైకి, అక్కణ్ణుంచి ఇంకా పైకి పోయారు. మ్యాపు ప్రకారం ఆ బడులు మునిగే చోట లేవు. నీళ్లు మాత్రం ప్రాథమిక పాఠశాల మూడో అంతస్తు దాకా వచ్చాయి. కమైషి బడిపిల్లలు మొత్తం దాదాపు మూడు వేల మంది. ఇంచుమించు అందరూ బతికారు. దీన్ని అదృష్టం అంటే నేను ఒప్పుకోను. అది పిల్లలు నేర్చుకున్న చదువు.

మా పాప ఐదో తరగతి వేసవి సెలవుల్లో ప్రాజెక్టు కోసం వాళ్ల తాతయ్యని ఫోన్లో కూర్చోబెట్టి 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన గురించి అడిగింది. ఎప్పుడూ ఆ ఊసెత్తని మామయ్యగారు మనవరాలు అడిగేసరికి చెప్పుకొచ్చారు. బడిలో నేర్పిన కట్టడి గురించి పాప చెబితే ఆయన వెంటనే, “మీ బళ్లో సరిగ్గానే చెప్పారు అమ్మలూ. గొడ్ల కట్లు విప్పొస్తానని వెనక్కెళ్లిన మా చిన్నాన్న మళ్లీ కనిపించలా” అన్నారు. మావారికి కూడా ఆ సంగతి తెలియదు.

ఉప్పెనకి ముందు గాలి వస్తుంది, వాన వస్తుంది, ఆకాశం చెబుతుంది. సునామీకి అవేవీ ఉండవని పాపకి అర్థమయ్యేలా చెప్పడానికి మంగినపూడి కథ చెప్పాను. 2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి. పుణ్యస్నానాలకి జనం సముద్రంలోకి దిగిన ఉదయం. సుమత్రా దగ్గర భూమి కంపించి రెండు గంటలు దాటింది, అయినా ఒడ్డున ఒక్కరికీ కబురు లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది, నిమిషాల్లో సమాచారం ఇస్తుంది. కానీ ఆ మాట ఇసుకలో ఆడుకునే పిల్లాడి చెవిన పడాలి. పడ్డాక ఎటు పరుగెత్తాలో వాడికి ముందే తెలిసుండాలి.

2025 జూలై 30న రష్యాలోని కమ్చాట్కాలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు నేను టోక్యోలో ఆఫీసులో ఉన్నాను, మావారు యోకొహామాలో. సెలవులు కావడంతో పిల్లలిద్దరే ఇంట్లో. సునామీ రావచ్చు, జాగ్రత్త అన్న సూచనగా మొదలైంది కాస్తా ఉదయం 9:40కి హెచ్చరికగా మారింది. నేను ఫోన్ తీసేలోపే పాప మెసేజ్: “తమ్ముణ్ణి తీసుకుని పైన బడికి వెళ్తున్నా. టోపీలు, నీళ్లు పెట్టుకున్నా. నువ్వు రావద్దు.” నా కాళ్లు స్టేషన్ వైపే లాగాయి. “సరేనమ్మా, రాను” అని రాసి కూర్చున్నాను. తల్లిగా అంతకన్నా కష్టమైన పని నాకు తెలియదు.

సాయంత్రానికి గానీ హెచ్చరిక తగ్గించలేదు. మొదటి అలే పెద్దది కానక్కర్లేదు కాబట్టి ఆ బడి నుంచి ఎవర్నీ కదలనివ్వలేదు. చివరికి దేశం మొత్తమ్మీద పెద్ద అల కుజి రేవులో, మీటరుకి కాస్త పైన. ఇంతోటి దానికేనా అని ఇండియా నుంచి ఫోన్లొచ్చాయి. అవును, ఇంతోటి దానికే. చిన్న అలకి పరుగెత్తడం అలవాటైన పిల్లలే పెద్ద అలకీ పరుగెత్తుతారు.

ఆ తర్వాత బందరు వెళ్లినప్పుడు పాప మా చెల్లెలి పిల్లల్ని అడిగిన మొదటి ప్రశ్న, ఇక్కడ ఎత్తైన చోటు ఎక్కడుంది అని. డెల్టా నేల, గుట్ట అన్నది లేదు. పిల్లలంతా సైకిళ్ల మీద తిరిగి గట్టి మేడలేవో చూసొచ్చారు. తుఫాను షెల్టరే అన్నిటికన్నా బాగుందట, కాకపోతే తలుపుకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కోమని పిన్నిని పట్టుకుని వదల్లేదు.