లేని పాదానికి దురద

ప్రమాదంలో ఎడమ కాలు నలిగిపోయింది. ప్రాణం నిలవాలంటే మోకాలి కింద తీసేయక తప్పదన్నారు, తీసేశారు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఆ తర్వాతి కాలం.

ఆపరేషనైన కొద్ది రోజులకే లేని పాదం దురద పెట్టడం మొదలైంది. అది కూడా బొటనవేలి పక్క వేలే. గోకుదామంటే అక్కడ దుప్పటి తప్ప ఏమీ లేదు. రాత్రయితే వేళ్లన్నీ ఒకదానిలో ఒకటి మెలిపడి, ఎవరో పట్టి పిండుతున్నంత నొప్పి. ఇంట్లో చెబితే మతి చలించిందనుకుంటారేమోనని టెన్షన్. చివరికి ఫిజియోథెరపిస్టుతో అన్నాను. ఆవిడ నవ్వలేదు. "చాలామందికి ఉంటుందండీ. కాలు పోయినా మెదడులో దాని చోటు దానికి ఉంటుంది కదా" అంది. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు వైద్యం చేసిన సైలస్ వియర్ మిచెల్ 1871లోనే దీన్ని 'ఫాంటమ్ లింబ్', అంటే లేకపోయినా ఉన్నట్టు తోచే అవయవం, అన్నాడట. అది విన్నాక నొప్పి తగ్గలేదు గానీ భయం తగ్గింది.

ఆవిడ నా కాళ్ల మధ్య ఒక అద్దం నిలబెట్టింది. కుడికాలి ప్రతిబింబం సరిగ్గా ఎడమకాలు ఉండాల్సిన చోట కనిపిస్తుంది. కుడి వేళ్లు మెల్లగా చాపుతూ అద్దంలోకి చూస్తే, మెలిపడ్డ ఎడమ వేళ్లు కూడా విడివడుతున్నట్టే ఉండేది. 1990లలో వి.ఎస్. రామచంద్రన్ అనే న్యూరోసైంటిస్టు పరిచయం చేసిన పద్ధతి ఇది. అందరికీ పనిచేయదు. నాకు కొంత పనిచేసింది, మిగతాది మందులు చూసుకున్నాయి.

కృత్రిమ కాలు వచ్చేస్తే ఇక నడకే అనుకుంటారు చూసేవాళ్లు. అంతకుముందు మోకాలి కింద దిండు పెట్టుకోవద్దన్నారు. హాయిగా ఉండేది అదొక్కటే! కానీ అలా వంచి ఉంచితే మోకాలు అలాగే బిగుసుకుపోయి, రేపు కాలు తొడిగినా నిటారుగా నిలబడలేం. కాలు వచ్చాక ఇంకో తంతు. కోసిన కాలు నెలల తరబడి సన్నబడుతూనే ఉంటుంది, ఒక్క రోజులో కూడా మారుతుంది. కృత్రిమ కాలికి పైన, కోసిన కాలు దూర్చే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటారు. పొద్దున బిగుతుగా పట్టిన సాకెట్ మధ్యాహ్నానికి వదులై, కాలు లోపలికి దిగి, ఎముక అడుగున ఒత్తుతుంది. అప్పుడు కోసిన కాలికి ఇంకో సాక్సు వేసుకోవాలి. మరీ బిగిస్తే ఒకటి తీయాలి. నా సంచిలో డబ్బులు లేకపోయినా సాక్సులు ఉంటాయి. రాత్రి కాలు విప్పి చేతి అద్దంతో కింది చర్మమంతా చూసుకుంటాను. ఎరుపు కాసేపటికి పోతే ఫరవాలేదు. పోకపోతే మర్నాడు ఊతకర్రలే. నడవగలిగి కూడా నడవకుండా కూర్చోవడం, నడక నేర్చుకోవడం కన్నా కష్టం.

ఊతకర్రల్ని మంచానికి అడ్డంగా పెట్టి పడుకుంటాను. నిద్రమత్తులో మెదడు కాలుందనే అనుకుంటుంది, మనం దాని మీదే దిగబోతాం. చేతికి కర్ర తగిలితే గుర్తొస్తుంది.

"మీ ధైర్యానికి దండం పెట్టాలండీ" అంటుంటారు. నాకు ధైర్యం ఉన్న రోజులు తక్కువే. అది లేని రోజున కూడా సాక్సు మార్చుకోవాల్సిందే, చర్మం చూసుకోవాల్సిందే. ఆ పనులు చేస్తూ పోతే రోజు గడిచిపోతుంది. ఒళ్లు మండేది వేరే వాళ్లని చూస్తే: నేను ఎదురుగా ఉండగానే పక్కనున్నవాళ్లతో "ఆవిడ మెట్లెక్కగలదా?" అంటారు. ఎక్కగలను. ఎక్కేటప్పుడు సొంత కాలు ముందు, దిగేటప్పుడు కృత్రిమ కాలు ముందు.

ఈమధ్య కొత్త సాకెట్ చేయించుకున్నాను. టెక్నీషియన్ "ఎలా ఉందమ్మా?" అంటే బాగుందని ఊరుకోలేదు. మోకాలి బయటివైపు, కాస్త కిందుగా ఉబ్బెత్తుగా తగిలే ఎముక దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఒత్తుతోంది, సడలించండి" అన్నాను. ఆయన సరిచేసి తెచ్చాడు. తొడుక్కుని అక్కడి మెట్లు ఎక్కి దిగాను. ఇంకా కొంచెం ఒత్తింది. మళ్లీ విప్పి ఇచ్చాను.