తుస్సుమంటే మందున్నట్టేనా

కార్తీకంలో వాయుగుండం పట్టిన రాత్రి నన్ను చంపబోయింది ఉబ్బసం ఒక్కటే కాదు, మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) ఖాళీ కావడం కూడా.

మాది ఒంగోలు పక్కన పొగాకు పండే పల్లె. పొగాకు కాల్చే బ్యారన్లు రగిలే రోజుల్లోనూ, చలిగాలి తిరిగినప్పుడూ నాకు ఆయాసం మామూలే. డాక్టరు రెండు పంపులు రాశాడు: పొద్దునా రాత్రీ పీల్చేదొకటి, ఆయాసమొస్తే పీల్చే నీలం రంగు సాల్‌బ్యుటమాల్ ఒకటి. రోజూ పీల్చేదాన్ని నాలుగు నెలల కిందట మానేశాను. "అది స్టెరాయిడ్ అబ్బాయ్, అలవాటైతే చచ్చేదాకా వదలదు" అన్నాడు మందుల షాపాయన. ఆ ఒక్క ముక్క మీద నాకిప్పటికీ కోపం పోలేదు. అందులో ఒక్క పీల్పుకు ఉండేది 200 మైక్రోగ్రాములు. 5 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మాత్ర ఒక్కటి దానికి పాతిక రెట్లు. అదే షాపులో ఆ మాత్రలు చీటీ లేకుండానే ఇస్తారు!

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ వాచే ఉంటుంది. నీలం పంపు గొట్టం చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందే తప్ప వాపు తియ్యదు. వాపు తీసేది రోజూ పీల్చే మందే. పెద్దవాళ్ళకు సాల్‌బ్యుటమాల్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టొద్దని 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలే చెబుతున్నాయి. నేను చేసింది సరిగ్గా ఆ వద్దన్న పనే.

ఆ రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. ఇంట్లో మందుని ఆవిరిలా చేసి పీల్పించే మిషను, నెబ్యులైజరుంది, కరెంటు లేకపోతే అది ఉత్త డబ్బా. నీలం పంపు నొక్కాను, తుస్సుమంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ తుస్సే. పన్నెండు సార్లు నొక్కినా ఆయాసం దిగలేదు. తర్వాత తెలిసిందేమిటంటే ఆ పంపులో మందు 200 నొక్కులకే. అది అయిపోయాక కూడా లోపలి గ్యాసు తుస్సుమంటూనే ఉంటుంది. మందుందో లేదో తెలియడానికి పంపు డబ్బాని నీళ్ళలో వేసి తేలిందా మునిగిందా అని చూసే చిట్కా కూడా దండగే.

ఒంటిగంటకి మాట రెండు ముక్కలు కావడం లేదు, మెడ నరాలు లాగేస్తున్నాయి. అప్పుడే పిన్నమ్మ నా వీపు మీద చెవి పెట్టి, "పిల్లికూతలు తగ్గినయ్యి నాయనా, నయమైతాంది" అంది. ఆమె పాపం ధైర్యానికే అంది. నిజానికి కూత ఆగింది గాలి ఆడకనే. ఆయాసం అట్టాగే ఉండి కూత మాయమైతే అంతకన్నా ప్రమాదం లేదు. చప్టా మీద వాగు పొర్లుతోంటే తమ్ముడూ ఇంకో ఇద్దరూ నన్ను ట్రాక్టరు మీద దాటించి 108 ఎక్కించారు. ఆక్సిజనూ, నెబ్యులైజేషనూ, ఇంజెక్షన్లూ, మూడు రోజుల మంచం.

బతికించింది డాక్టర్లే, కాదన్ను. కానీ పంపు పీల్చడం నేర్పింది అక్కడి నర్సమ్మ. పదేళ్ళుగా వాడుతున్న నన్ను చూసి, "ఏదీ, పీల్చి చూపించు" అన్న మొదటి మనిషి ఆమే. మూత తీసి బాగా ఊపాలి. ఊపిరంతా బయటికి వదలాలి. పంపుకీ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ అనే గొట్టానికి తగిలించి ఒక్కసారే నొక్కి, నిదానంగా లోపలికి లాగి పది అంకెలు బిగబట్టాలి. బిగబట్టలేనంత ఆయాసముంటే గొట్టంలోనే అయిదారు మామూలు ఊపిర్లు తీసుకోవాలి. రెండు నొక్కులు ఒకేసారి నొక్కితే మందు గొట్టం గోడలకే అంటుకుంటుంది. గొట్టాన్ని సబ్బునీళ్ళలో కడిగి గాలికే ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే మళ్ళీ మందు గోడకే పడుతుంది. క్యాప్సూల్ వేసి పీల్చే పరికరం దీనికి తిరగేసిన లెక్క, దాన్ని గట్టిగా, వేగంగా లాగాలి. నేను ఇన్నాళ్ళూ పంపునే అట్టా లాగాను, మందు గొంతులోనే ఆగిపోయేది. రోజువారీ మందు పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు.

ఆయాసం ముదిరితే నీలం పంపు స్పేసరుతో నాలుగు నుంచి పది నొక్కులు, ఒక్కొక్కటిగా. ఇరవై నిమిషాల్లో దిగకపోతే మళ్ళీ పీలుస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి. ఇట్టా పీలిస్తే నెబ్యులైజరుకేమీ తీసిపోదట. ఆ మాట విన్నప్పుడు ఆ రాత్రి గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఊపిరి ఎంత జోరుగా వదలగలనో కొలిచే ఊదే మీటరు (పీక్ ఫ్లో మీటరు) కూడా కొన్నాను. బాగున్నప్పుడు నాది నిమిషానికి 400 లీటర్లు. 320 దిగితే జాగ్రత్తపడతాను, 200 దిగితే ఇంక ఆలోచించేది లేదు, ఆసుపత్రే. మస్కిటో కాయిల్, సాంబ్రాణి ఇంట్లోంచి పోయాయి. ప్రాణాయామం కుదురుగా ఉన్న రోజుల్లో చేస్తాను, ఆయాసంలో కాదు. మృగశిర కార్తెకి హైదరాబాదులో ఉబ్బసానికి చేపమందని కొర్రమీను మింగినవాణ్ణే నేనూ. నమ్మకాన్ని ఎగతాళి చెయ్యను గానీ, దాన్ని నమ్ముకుని పంపు మానొద్దు.

అమ్మ మొక్కు తీర్చడానికి మొన్న మాలకొండ ఎక్కాం. అక్కడ నరసింహస్వామి దర్శనం శనివారం ఒక్కరోజే. సగం మెట్ల మీద ఆగితే అమ్మ కంగారుపడింది. జేబులోంచి పంపు తీసి, దానికి అంటించిన కాగితం చూపించాను. మొదలెట్టిన తేదీ, పక్కన నొక్కుకొక గీత. 31 అయ్యాయి, ఇంకా 169 ఉన్నాయి.